పడుకున్న కడ్డీకి తల ఎటు?

ఉద్యోగంలో నేను నేర్చుకున్నవాటిల్లో పనికొచ్చినవి చాలావరకు కుళ్లుతో నేర్చుకున్నవే. రిటైరైన రోజు మైకులో ఈ మాటంటే అందరూ జోకనుకుని చప్పట్లు కొట్టారు. జోకు కాదు. ఇప్పుడిప్పుడే వైర్‌లెస్ సెక్షన్లలో చేరుతున్న అమ్మాయిలూ అబ్బాయిలూ, మీ కోసమే రాస్తున్నాను. పక్క సీటువాణ్ణి చూస్తే మీకు కడుపు మండుతోందా? సిగ్గుపడకండి. నాకూ మండింది. నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ అప్పుడప్పుడూ మండుతుంది.

మాది బస్తర్‌లో ఓ కొండ మీది ఇనుప గని. విజయనగరం వైపు పుట్టి, డిప్లొమా కాగితం చేతపట్టుకుని ఉద్యోగానికొచ్చి, ఈ ఎర్రమట్టిలోనే జుట్టు నెరిపించుకున్నాను. కొండ కింద టౌన్‌షిప్‌లో మనవాళ్లకేం కొదవలేదు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, సంతలో బేరమాడ్డానికి సరిపడా హల్బీ. అంతకు మించి నాకు ఏ భాషా రాలేదు, రాలేదని బాధా లేదు. బాధ తర్వాత వచ్చింది. అదీ ఒక మనిషి వల్లే వచ్చింది.

మా సెక్షన్ పనేమిటంటే గనిలో అందరి చేతుల్లోనూ ఉండే వైర్‌లెస్ సెట్లు సరిగ్గా మాట్లాడేట్టు చూడటం. డంపర్ డ్రైవర్లు, బ్లాస్టింగ్ వాళ్లు, అడవిలోకెళ్లే సర్వేవాళ్లు, అందరికీ మేమే దిక్కు. ఒక్కోసారి ఎక్కడిదో తెలియని సిగ్నల్ వచ్చి బ్లాస్టింగ్ ఛానెల్లో దూరేది. ఇక బ్లాస్టింగ్ ఆపాల్సిందే. అది ఎటువైపునుంచి వస్తోందో తెలిస్తే కదా వెళ్లి ఆపించేది! అందుకని నేను మా గది కప్పు మీద నాలుగు కడ్డీలు నిలబెట్టాను. అవే యాంటెన్నాలు. వచ్చే అల ఒక కడ్డీకి ముందు తగులుతుంది, ఇంకోదానికి ఓ పిసరు తర్వాత తగులుతుంది. వాన ఏ కిటికీని ముందు తడిపిందో చూసి గాలి ఎటునుంచో చెప్పమూ? అలాగే ఆ పిసరంత తేడా పట్టుకుని దిక్కు లెక్కగడతాం. జీపులో కొండ చుట్టూ తిరిగి తిరిగి, నడుం పడిపోయేలా దాన్ని సరిచేసుకున్నాను. అందరూ "మేడం కా ఛాతా" అని పిలిచేవారు, మేడం గొడుగు అని. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు లోపల్లోపల ఎంత మురిపెమో.

అప్పుడు దిగాడు అతను.

కొంటా వైపు మరైగూడ వాడు. వయసులో నాకంటే చాలా చిన్న, చదువులో చాలా పెద్ద. యాంటెన్నాల మీదే ప్రత్యేకంగా ట్రైనింగయి వచ్చాడు. మొదటి రోజే కప్పెక్కి నా కడ్డీల చుట్టూ ఓ ప్రదక్షిణం చేశాడు. "అక్కా, నీ చత్రి మంచిగుంది. గానీ దీనికి ఒక్క కన్నే ఉన్నది" అన్నాడు.

మేడం లేదు, మీరు లేదు, వచ్చిన రోజే "అక్కా, నువ్వు". వాళ్ల వైపు అది మర్యాదేనట. పైగా నా ఛాతాకి ఒంటికన్నట!

"ఏటి నాయనా ఆ రెండో కన్ను?" అన్నాను.

చేతిలో పెన్ను నిలబెట్టి చూపించాడు. "సెట్టు ఇట్ల నిలబెట్టి మాట్లాడితే అల గూడ నిలబడే వస్తది. సెట్టు పడుకోబెడితే," పెన్ను అడ్డంగా తిప్పాడు, "అల పడుకోని వస్తది. నీ కడ్డీలన్నీ నిలబడ్డయే. నిలబడ్డ అలనైతే మంచిగ పడ్తయ్. పడుకున్న అల వస్తే వీటికేం తెలుస్తది?"

ఇది నాకు తెలియని సంగతి కాదు. పుస్తకంలో చదువుకున్నదే. కాని మా గనిలో చేరిన ప్రతివాడికీ మొదటి పాఠం "సెట్ సీదా, మూతి ముందు". గార్డు దగ్గర్నుంచి పెద్ద సాబ్ దాకా సెట్టును కొవ్వొత్తిలా నిటారుగా పట్టుకునే మాట్లాడతారు. "ఇక్కడ పడుకుని మాట్లాడేవాడెవడూ లేడులే" అన్నాను. ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి. దీన్నే తిప్పి నా మొహాన కొట్టారు.

సాబ్‌ని ఒప్పించి అతను తన సొంత యాంటెన్నాలు కట్టాడు. నావాటి పక్కనే, ఇంకో నాలుగు. ఒక్కో నిలువు కడ్డీ నడుముకి ఓ అడ్డ కడ్డీ. కింద నించుని చూస్తే కప్పు మీద నాలుగు దిష్టిబొమ్మలు చేతులు చాపుకుని నిలబడ్డట్టుండేది. కింద తెర మీద దిక్కు కనిపిస్తుంది, దాంతోపాటు వచ్చిన అల నిలబడి వచ్చిందో, వాలి వచ్చిందో, పూర్తిగా పడుకుని వచ్చిందో కూడా కనిపిస్తుంది. సాబ్ ఆ తెర ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నా ఛాతా ముందు ఆయన ఏనాడైనా కూర్చుంటే ఒట్టు!

ఇక చూడండి నా అవస్థ. ఫోను మోగితే "వో హై క్యా?" అని అతని కోసం. జగదల్‌పూర్ నుంచి ఎవరొచ్చినా దిష్టిబొమ్మల దగ్గర ఫోటోలు. నా కడ్డీలు ఫోటోలో అడ్డొస్తున్నాయని ఒకాయన పక్కకి జరిగి తీశాడు. ఇంట్లో ఏడుద్దామా అంటే అక్కడా సుఖం లేదు. మా ఆయన "పాపం ఒంటరివాడు, భోజనానికి పిలువు" అన్నాడు. పిలిచాను. వంకాయ కూర రెండుసార్లు వేయించుకుని, మా ఆయనతో రాజకీయాలు మాట్లాడి, వెళ్లేటప్పుడు గిన్నెలు సింకులో పెట్టి వెళ్లాడు. "చూశావా, ఎంత సంస్కారమో" అన్నాడు మా ఆయన. ఆ గిన్నెలు నేను మామూలు కంటే గట్టిగా తోమాను.

అన్నిటికంటే ఎక్కువ మండింది మాత్రం క్యాంటీన్ దగ్గర. మాకు టీ పోసే ఆమె దొర్ల తెగ మనిషి, కొంటా పక్క పల్లె. ఆమె మొగుడు సర్వే పార్టీలో చైన్‌మాన్, అంటే కొలతల గొలుసు పట్టుకుని అడవిలో ముందు నడిచే మనిషి. ఎన్నో ఏళ్లుగా ఆమె నా బల్ల మీద గ్లాసు పెట్టి "మేడం" అని వెళ్లిపోయేది, అంతే. అతనితో మాత్రం నించుని మాట్లాడేది. దొర్లీలో. వినడానికి సగం మన తెలుగులాగే ఉంటుంది, అందుకుందామంటే మిగతా సగం జారిపోతుంది. ఇద్దరూ పకపకా నవ్వేవాళ్లు. నన్ను చూసి నవ్వుతున్నారేమోనని నాకు అనుమానం. కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం సగం టీ గ్లాసులోనే వదిలేసి లేచేదాన్ని.

అంత కుళ్లు ఉన్నప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఎదుటివాడి పనిలో తప్పులు వెతుకుతాడు. నేనూ అదే చేశాను. అతను యాంటెన్నాలు సరిచూడ్డానికి జీపులో మనిషిని తిప్పి రాసుకున్న ఫలితాలన్నీ కూర్చుని ఒక్కో వరసా చదివాను. అతని అమ్మ కూడా అతని పరీక్ష పేపర్లు అంత శ్రద్ధగా చదివి ఉండదు. ఫలితాలు బావున్నాయి. నా ఛాతా కంటే బావున్నాయి. అది చూసి ఇంకా ఒళ్లు మండి మళ్లీ మొదట్నుంచి చదివాను. అప్పుడు తట్టింది. జీపులో తిరిగినవాడు ప్రతిసారీ సెట్టును సీదాగా పట్టుకునే మాట్లాడాడు. అలవాటు కదా, మూతి ముందు కొవ్వొత్తి! అంటే వచ్చినవన్నీ నిలబడ్డ అలలే. అడ్డ కడ్డీలకి ఇంతవరకు పని పడనేలేదు. అవి బాగా పనిచేస్తాయో లేదో ఎవరికీ తెలియదు.

నెలవారీ మీటింగులో లేచి అడిగాను. "ఆ పడుకున్న కడ్డీల్ని ఒక్కసారైనా పరీక్ష చేశారా? సెట్టు పడుకోబెట్టి చూశారా?"

సాబ్ కళ్లద్దాలు తీసి నవ్వాడు. "సోకే కౌన్ బాత్ కర్తా హై, మేడం?" పడుకుని ఎవరు మాట్లాడతారు మేడం అని. గదంతా నవ్వింది. నా మాటే! వెనక వరసలోంచి ఎవరో "జలన్ హై" అన్నారు, కుళ్లు అని. అదీ వినబడింది.

అతను మాత్రం నవ్వలేదు. "చూస్త అక్కా, జర తీరిక దొరకనియ్" అన్నాడు. తీరిక దొరకలేదు. సందర్శకులే సందర్శకులు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. నాకు కుళ్లు ఉన్నమాట నిజం. ఆ కడ్డీల్ని ఎవరూ పరీక్షించని మాటా నిజం. కాని కుళ్లుబోతు నోట్లోంచి వచ్చిన నిజాన్ని ఎవడూ ఖాతరు చెయ్యడు. చివరికి నాకే అనుమానం వచ్చేది, ఇది ఇంజనీరు ప్రశ్నా లేక నా కడుపుమంటా అని. మీటింగు తర్వాత ఇక నోరెత్తలేదు.

ఆ వానాకాలం కొండ వెనక లోయల్లో సర్వే నడుస్తోంది. మధ్యాహ్నం భోజనాల వేళకి పార్టీ నుంచి కబురు. వాగు దాటుతుంటే పైనుంచి ఒక్కసారిగా నీళ్లొచ్చాయట, చైన్‌మాన్ కొట్టుకుపోయాడట. మిగతావాళ్లు ఇవతలి ఒడ్డున ఉన్నారు. ఆ వాగు కింద మూడు పాయలుగా చీలి మూడు లోయల్లోకి పోతుంది. మనిషి ఏ పాయలో పోయాడో ఎవరూ చూడలేదు.

క్యాంటీన్‌లో గ్లాసులు కడుగుతున్న ఆమెకి ఎవరు చెప్పారో, తడిచేతులతోనే వచ్చి మా గది గుమ్మం పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. అడగలేదు. అలా నిలబడే ఉంది.

కాసేపటికి సర్వే ఛానెల్లో చప్పుడు. మాట కాదు. ఎవరో బటన్ నొక్కి వదిలినట్టు బుస్సుమని, మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ బుస్సు. సెట్టు మైకులో నీళ్లు పోయాయి, గొంతు రావటంలేదు. కాని మనిషి బతికే ఉన్నాడు!

అతను మైకు లాక్కున్నాడు. దొర్లీలో అడగటం మొదలుపెట్టాడు, ఒక్కో ప్రశ్నకీ మాకు తెలుగులో, హిందీలో చెబుతూ. వినిపిస్తే రెండుసార్లు నొక్కు. రెండుసార్లు వచ్చింది. ఎక్కడున్నావో తెలుసా? తెలిస్తే రెండు, లేకపోతే ఒకటి. ఒకటి. లేవగలవా? ఒకటి. సెట్టు నిలబెట్టి పట్టుకోగలవా? చాలాసేపటికి వచ్చింది జవాబు. ఒకటి.

అంటే పడి ఉన్నాడు. సెట్టూ అతనితోపాటే పడి ఉంది.

నా ఛాతా కుడి లోయ పక్కనున్న ఎర్రబండను చూపిస్తోంది, అదీ కల్లు తాగినవాడి వేలులా వణుకుతూ. నాకు వెంటనే అర్థమైంది. పడుకున్న అల నా నిలువు కడ్డీలకి సరిగ్గా అందటంలేదు. ఆ ఇనుపబండకి తగిలి, మెలిపడి తిరిగొచ్చిన ముక్కే వీటికి దొరుకుతోంది. అద్దంలో బొమ్మ చూసి మనిషి అక్కడున్నాడన్నట్టు. ఇన్నేళ్ల నా ఛాతా ఆ రోజు ఒట్టి కడ్డీలైపోయింది.

అతని తెర మీద మాత్రం సిగ్నల్ చక్కగా, గట్టిగా ఉంది. అల పూర్తిగా పడుకుని వస్తోందని చూపిస్తోంది. దిక్కు ఎడమ లోయ.

"బస్! లెఫ్ట్ వాలీ ఘాటీ," అన్నాడు సాబ్. కొండ కింద తాళ్లతో మనుషులు సిద్ధంగా ఉన్నారు. ఒక లోయలోకి వెళ్లి రావటానికే చీకటి పడుతుంది. అటు వెళ్లి మనిషి లేకపోతే, ఇంకో లోయకి ఆ రోజు వెళ్లే దారి లేదు. పైన ఇంకా వాన కురుస్తూనే ఉంది.

"ఆగండి" అన్నాను.

"మేడం, ప్లీజ్. అభీ నహీ," అన్నాడు సాబ్. ఇప్పుడు కాదు అని. అంటే ఇప్పుడు కుళ్లుకునే సమయం కాదని ఆయన ఉద్దేశం. నిజంగానే కుళ్లేనేమో! ఈ ఆడమనిషి మొగుడు అక్కడ పడి ఉంటే, నేను వీడి మిషను తప్పయితే బావుణ్ణని చూస్తున్నానేమో! కాని నోరు ఆగలేదు.

అతని వైపు తిరిగాను. "నీ పడుకున్న కడ్డీలు పుట్టి బుద్ధెరిగాక పడుకున్న అలను చూడటం ఇదే మొదలు. అవునా కాదా? మొదటిసారి చూసినవాడి సాక్ష్యం నమ్మి మనుషుల్ని పంపిస్తావా?"

అతని మొహం తెల్లబోయింది. "టైం లేదు కదక్కా."

"వాళ్లని పాయలు చీలేచోటు దాకా నడవమను. అక్కడిదాకా మూడిటికీ ఒకటే దారి. ఈలోపు తేలుస్తాం. నేను కాంటా ఘర్ దగ్గరికెళ్లి పడుకుంటాను. పక్క ఛానెల్లో నొక్కుతాను. నీ మిషను నన్ను ఎక్కడ చూపిస్తుందో చూడు."

కాంటా ఘర్ అంటే లారీలు తూకం వేసేచోటు. మా కప్పు నుంచి అది ఏ దిక్కో కళ్లు మూసుకుని చెప్పగలను. సాబ్ ఏదో అనబోయాడు. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "పోనియ్యండి సర్. అక్క చెప్పేది నిజమే, నేను చూడలే," అన్నాడు.

చీర మీద రెయిన్‌కోటు, కాళ్లకి గమ్‌బూట్లు, ఈ వయసులో పరుగు! కాంటా ఘర్ ముందు ఎర్ర బురదలో సెట్టు నేలమీద అడ్డంగా పెట్టి నొక్కబోయి ఆగాను. అక్కడ సెట్టు ఒక్కటే పడి లేదు, పక్కన మనిషి ఒళ్లుంది. ఒళ్లు ఆనుకుంటే అల మారుతుంది. ఉన్నదున్నట్టు చెయ్యాలి. పడుకున్నాను. పక్కకి తిరిగి, చెయ్యి ఒంటికిందికి వచ్చేలా, సెట్టు రొమ్ముకి ఆనేలా. బురద చెవిలోకి పోయింది. డంపర్లు బ్రేకులు వేశాయి. గార్డు గొడుగు పారేసి "మేడం గిర్ గయీ!" అని, మేడం పడిపోయిందని అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"గిరీ నహీ! డ్యూటీ పే హూ! దూరంగా నిలబడు!" అని అరిచాను. అటువంటి డ్యూటీ ఆ గార్డు ఎప్పుడూ చూసి ఉండడు.

సెట్లో అతని గొంతు. "అక్కా, నువ్వు ఎక్కడున్నవ్?"

"కాంటా ఘర్ ముందే! ఇంకెక్కడ?"

"నా మిషను నువ్వు క్యాంటీన్ వెనక ఉన్నవని చెప్తాంది."

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఉందే! బిడ్డ పుట్టినప్పుడు కూడా అంత సంతోషపడ్డానో లేదో. బురదలో పడుకుని, నోట్లో వాననీళ్లతో, ఒక్క నిమిషం నేను మహారాణిని. తప్పు పట్టేశాను! ఆ వెంటనే ఆ గుమ్మం పట్టుకున్న తడిచేతులు కళ్లముందుకొచ్చాయి. సంతోషం పోయింది. ఎడమ లోయ కాదు, సరే, మరి ఏది?

"కప్పెక్కు!" అని అరిచాను. "అడ్డ కడ్డీలు చూడు. నిలబడ్డ కడ్డీకి తల ఏదో కాళ్లేవో చూస్తే తెలుస్తాయి. పడుకున్నదానికి తల ఎటో ఎవడికి తెలుసు? ఏదో ఒకటి తిరగేసి బిగించుంటావు!"

అతను కప్పు మీదికి, సాబ్ తెర ముందుకి. అంత పెద్ద సాబ్ కిటికీలోంచి తల బయటపెట్టి పైకి అరుస్తున్నాడు. అతను ఒక్కో అడ్డ కడ్డీ వైరూ తిరగేసి బిగించటం, నేను నొక్కటం, సాబ్ అరవటం. మొదటిది తిరగేస్తే నేను ఆస్పత్రి దగ్గర తేలాను. మళ్లీ యథాస్థానానికి. రెండోది తిరగేస్తే కొండ మీదెక్కడో. మళ్లీ సరిచేశాడు. మూడోది తిరగేశాడు. నొక్కాను.

"కాంటా ఘర్!" సాబ్ కేక సెట్టు లేకుండానే వినిపించింది నాకు. "మేడం కాంటా ఘర్ మే హై!"

లేవబోతే నడుం పట్టేసింది. గార్డు చెయ్యి అందిస్తే లేచి, కుంటుకుంటూ గదికి చేరేసరికి అందరూ తెర చుట్టూ మూగి ఉన్నారు. అతను మైకులో దొర్లీలో పిలుస్తున్నాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. లేదు. యాంటెన్నా బాగైంది, అటునుంచి అల రావటంలేదు. ఒక్కసారి నొక్కితే చాలు. ఒకే ఒక్కసారి.

అతను లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి, ఆమెని భుజం పట్టుకుని తీసుకొచ్చి, మైకు చేతికిచ్చాడు. ఈ ఆలోచన నాకు రానందుకు ఆ పూటా కుళ్లుకున్నాను, చెప్పాను కదా. ఆమె మైకుని రెండు చేతుల్తో పట్టుకుంది. బతిమాలుతుందనుకున్నాను. తిట్టింది! ఏం తిట్టిందో తెలియదు. భాష రాకపోయినా తిట్టు తెలుస్తుంది కదా. మొగుణ్ణి పేరు పెట్టకుండా, ఊపిరి తీసుకోకుండా, సంతలో అప్పు ఎగ్గొట్టినవాణ్ణి తిట్టినట్టు తిట్టి, మైకు వదిలేసింది.

బుస్సుమంది. పొడుగ్గా, వదలకుండా.

అతనూ నేనూ ఒకేసారి తెర మీదికి వంగాం. తలలు ఢీకొన్నాయి. ఎర్రబండ కాదు, ఎడమ లోయా కాదు. మధ్య పాయ. నాదీ కాదు, అతను మొదట చెప్పిందీ కాదు.

"బీచ్ వాలీ!" సాబ్ తాళ్లవాళ్లకి చెప్పేశాడు. అప్పటికి వాళ్లు పాయలు చీలేచోట నిలబడి ఉన్నారు.

ఆ తర్వాత చేసేదేమీ లేదు, కూర్చోవటమే. అతను ఆ వైరు తిరగేసి బిగించేటప్పుడు కోసేసిన చివరి ముక్కని జేబులోంచి తీసి చూస్తూ కూర్చున్నాడు. నేను చెవిలో బురద తీసుకుంటూ కూర్చున్నాను. కుళ్లు పోయిందనుకుంటున్నారేమో. ఎక్కడికి పోతుంది? నా ఛాతా ఆ మనిషిని ఈ జన్మలో పట్టుకోగలిగేది కాదు. అతని దిష్టిబొమ్మలే పట్టుకున్నాయి, నేను సరిచేయించాక. ఆ ఏడు అవార్డు అతనికే వచ్చింది. రావలసిందే. ఫోటోలో సాబ్ పక్కన అతను, నేను రెండో వరసలో ఒకరి భుజం వెనక సగం మొహంతో. ఆ ఫోటో ఇప్పటికీ నాకు పడదు.

మీకు నేను చెప్పగలిగిందల్లా ఒకటే. కుళ్లు ఎలాగూ వస్తుంది. వచ్చినప్పుడు ఎదుటివాడి మొహం మీద కాదు, వాడి పని మీద పెట్టండి ఆ కళ్లు. వాడి స్నేహితుడు చూడనివి మీకు కనబడతాయి. కనబడ్డాక, జలన్ అన్నా సరే, రెండోసారి కూడా లేచి అడగండి. నేను మీటింగులో ఒకసారి అడిగి ఊరుకున్నాను. మనిషి నీళ్లలో పడేదాకా రెండోసారి అడగలేదు.

చీకటి పడే వేళకి సెట్టు పలికింది. "మిల్ గయా. జిందా హై." దొరికాడు, బతికే ఉన్నాడు అని. పడిపోయిన చెట్టు కింద చెయ్యి ఇరుక్కుని, కాలు విరిగి, సెట్టు ఒంటికింద పెట్టుకుని పడి ఉన్నాడట. మోసుకొస్తున్నారు.

గదంతా కేకలు. ఆమె నేల మీద కూలబడింది. మళ్లీ లేచి, ఎవరి వైపూ చూడకుండా నేరుగా వెళ్లి అతని రెండు చేతులూ పట్టుకుని మొహానికి ఆనించుకుంది. ఎవరైనా ఆ పనే చేస్తారు. ఆమె భాషలో ఆమె మొగుడితో మాట్లాడింది అతను, ఆమెకి మైకు ఇచ్చింది అతను. నేను గోడ పక్కన నిలబడ్డాను, చీర నిండా ఎర్ర బురద కారుతూ. కళ్లలో నీళ్లు తిరిగాయి. మనిషి బతికినందుకు కొన్ని. ఆ చేతులు నావి కానందుకు కొన్ని. దాచటమెందుకు?

అతను ఆమెతో దొర్లీలో ఏదో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు, మధ్యలో నా వైపు చెయ్యి చూపించాడు. ఆమె తిరిగి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఇక ఆగలేకపోయాను. పక్కకి పిలిచి గుసగుసగా అడిగాను.

"ఏటి చెప్పావు ఆమెతో?"

"ఉన్నదే చెప్పిన అక్కా. మిషను నాది, డౌటు నీది, రెండూ కలిస్తేనే దొరికిండని."

"విని ఏమంది? ఇద్దర్లో ఎవరి పని గొప్పదంది?"

అతను నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు.

"అదేం అడగలే అక్కా. ఎప్పుడొస్తడని అడిగింది."

నేను మైకు దగ్గరికెళ్లి మోసుకొస్తున్నవాళ్లని పిలిచాను. పెద్ద రోడ్డెక్కారు, అంబులెన్సు ఎదురొచ్చింది, కాసేపట్లో గేటు దగ్గరుంటాం అన్నారు. ఆమె పక్కన వచ్చి నించున్నాను. దొర్లీ రాదు కదా, నాకొచ్చిన తెలుగులోనే చెప్పాను.

"వచ్చేస్తున్నాడమ్మా. గేటు దగ్గరికి పోదాం పద."

అర్థమైంది ఆమెకి. నాకంటే ముందే నడిచింది.